రంగు కింద

మాధవరం రౌండానా దాటాక, లారీల పార్కింగు చివర
సాయంత్రం ఆరింటికి పెంచలమ్మ బొలేరో ఆగింది,
వెనక కొత్తగా తగిలించుకున్న టిఫిను బండితో.
చిలకపచ్చ రంగు. ఇంకా వాసన పోలేదు.

"అన్నా, ఎడమకి సిగ్నలు వేస్తే
కుడిపక్కదీ కొట్టుకుంటాది, నీరసంగా.
హెడ్‌లైటేసి బ్రేకు తొక్కితే
వెనకంతా చీకటే.
రెడ్‌హిల్స్ దగ్గర లారీవాడు అరిచినాడు
తమిళంలో, నెల్లూరు దాకా వినపడేట్టు."

పుదుప్పేటలో కొన్నదట వైరింగు.
బిగించింది మరిది కొడుకు, ఫోనులో బొమ్మలు చూసుకుంటూ.
వాణ్ని తప్పుపట్టను. ఏ రంగు ఆ రంగుకే కలిపాడు,
పసుపు ఎడమకి, ఆకుపచ్చ కుడికి, ఎరుపు బ్రేకుకి.
టేపు కూడా చుట్టాడు శ్రద్ధగా,
దెబ్బతగిలిన వేలికి చుట్టినట్టు.

వెల్లకిలా పడుకుని కిందికి దూరాను.
టెస్టు ల్యాంపుతో సాకెట్టులో ఒక్కో పిన్నూ ముట్టి చూశాను.
కరెంటు వస్తోంది. అన్నింటికీ వస్తోంది.
ఫ్యూజులు బాగున్నాయి, బల్బులు బాగున్నాయి.
"ఫ్లాషరు పోయిందన్నా" అన్నాడు దురై.
వాడికి ఏది పోయినా ఫ్లాషరే.

రావడం సరే, పోవడం ఎట్లా?
బల్బులోకి వచ్చిన కరెంటు అక్కడ కాపురం పెట్టదు,
వెలిగించిన మరుక్షణం బ్యాటరీకి తిరిగిపోవాలి.
దాని వాకిలి మూసేస్తే
పక్కబల్బు ఇంట్లో దూరి
వంటగదిలోంచి, దొడ్డితలుపులోంచి పోతుంది.
కుడివైపు ఆ మసక వెలుగు
ఇల్లు తప్పి తలుపు తట్టినవాడి వేళ్ళ చప్పుడు.

ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను గానీ
ఒకప్పుడు ఏలుమలై పాలవ్యానుకి
మూడు రోజుల్లో నాలుగు ఫ్యూజులు, ఒక స్విచ్చి మార్చాను.
చివరికి దొరికింది వదులైన ఒక్క మర.
డబ్బులన్నీ తీసుకున్నాను.
వాళ్ళ వీధిలో ఇప్పటికీ బండి నెమ్మది చేయను.

తెల్లతీగ వెంట వేలు పోనిచ్చాను.
వెనక లైట్లన్నీ చేరి ముడిపడేది అక్కడే,
చాసిస్ మీద ఒక మర.
గట్టిగానే ఉంది.
గట్టిగానే ఉంది, రంగు మీద.

బ్యాటరీ మైనస్ నుంచి పొడుగుతీగ లాక్కొచ్చి
మర తలకి ఆనించాను. దురై ఎడమ వేశాడు.
ఎడమే కొట్టుకుంది.
తీగ తీశాను. మళ్ళీ ఇద్దరూ.

పెంచలమ్మ వంగి చూసింది.
"పోయిన గురువారం నేనే పూసినా అన్నా, రెండు కోటింగులు.
బ్రష్షు పట్టడం రాక మోచేతుల దాకా పూసుకున్నా.
ఇప్పుడు గోకేస్తావా?"
రూపాయి బిళ్ళంత, అన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు. ఒక కంటైనరు పోయింది,
దాని వెనక ఇంకోటి.
"పాత రూపాయా, కొత్త రూపాయా?"

కొత్తదే.
గరుకు కాగితంతో రుద్దాను.
ఆకుపచ్చ పోయింది, దాని కింద ఎర్ర ప్రైమరు,
దాని కింద పాత యజమాని ఎవరో వేయించుకున్న నీలం,
దాని కింద ఇనుము, వాలుగచేప పొట్టలా.
వాషరు వేసి, మర బిగించి, పైన గ్రీజు మెత్తాను.

ఎడమ అన్నాడు దురై. ఎడమ.
కుడి. కుడి.
బ్రేకు తొక్కితే బండి వెనకంతా ఎర్రబడింది,
పెంచలమ్మ ముక్కుపుడకతో సహా.

"తుప్పు పట్టదా అక్కడ?"
పడుతుంది. దాచడమెందుకు.
వానలకి ముందొకసారి రా, మళ్ళీ గోకుతాను.

రెండొందల యాభై ఇచ్చి, యాభై వెనక్కి తీసుకుని,
స్టీలు డబ్బాలో నాలుగు కారం దోసెలు పెట్టింది.
డబ్బా వాపసు ఇవ్వాలట.

పుళల్ వైపు మలుపులో ఎడమ సిగ్నలు వేసింది.
నేను చూసింది కుడిదాన్ని.
మలుపు తిరిగేదాకా చూశాను.
ఒక్కసారైనా ఉలిక్కిపడలేదు.