సంచి మూతి

గ్రిమ్స్‌బీ లైబ్రరీ మేడమీద, గురువారం ఆరున్నరకి
బోర్డు మీద రాశాను: పిగ్ ఇన్ ఎ పోక్.
పోక్ అంటే గోనెసంచి. పాతమాట,
ఇప్పుడు మా ఊళ్ళోనూ ఎవరూ అనరు.
సంతలో, పందిపిల్ల అని చెప్పి
మూతి కట్టిన సంచి చేతిలో పెడతారు.
ఇంటికెళ్ళి విప్పితే పిల్లి.
"అంచేత, విప్పి చూడందే కొనకూడదు," అన్నాను.

చేపల ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినవాళ్ళు,
ఎంత కడిగినా గోళ్ళకింద హాడక్ వాసన.
డైవా నవ్వింది:
"మా లిథువేనియాలో పంది ఊసే లేదు,
సంచిలో ఉన్నది పిల్లేనని ముందే చెప్పేస్తాం."
పోర్చుగల్ జెలియా అందుకుంది:
"మాకు కుందేలని చెప్పి పిల్లిని అంటగడతారు,
కూర వండాక ఎవడు పోల్చగలడు?"
ఎవరో మ్యావ్ అన్నారు.
గది గదంతా మ్యావ్ మంది.

వెనక కుర్చీలో టెస్ఫాయ్ నవ్వలేదు.
నోటుబుక్కులో సంచి బొమ్మ గీసి
మూతి దగ్గరి ముడినే
పెన్నుతో మళ్ళీ మళ్ళీ దిద్దుతూ అడిగాడు:
"కొన్నవాడికి ఇంత బుద్ధి చెప్పారు కదా,
కట్టినవాణ్ణి ఏమంటారు, ఇంగ్లీషులో?"

ముప్ఫై రెండేళ్ళు పాత కార్లు అమ్మాను నేను,
రంగు జెండాల తోరణం కింద.
లక్షా పదివేల మైళ్ళు తిరిగిన ఫోర్డు
రాత్రి మా షెడ్డులో పడుకుని లేచేసరికి
నలభైవేలకి దిగేది.
ఒక నర్సు, పేరు గుర్తులేదు, పసుపు గొడుగు గుర్తుంది,
తాళాలు అందుకుంటూ
నాకు రెండుసార్లు థాంక్స్ చెప్పింది.

"సేల్స్‌మన్," అన్నాను.
అందరూ రాసుకున్నారు.
డైవా స్పెల్లింగు అడిగింది.

క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆగాడు టెస్ఫాయ్.
శనివారం కారొకటి చూడ్డానికి వెళ్తున్నాడట,
మీకు కార్లు బాగా తెలుసట కదా, అన్నాడు.
బయట వాన, సముద్రం మీంచి అడ్డంగా కొడుతోంది.
"మీటరు చూడకు," అన్నాను,
"వంగి బ్రేకు పెడల్ చూడు. రబ్బరు ఎంత అరిగితే
అంత తిరిగినట్టు. కాలు అబద్ధమాడదు."

తలూపి నాలుగు మెట్లు దిగాడు.
పిలిచాను.

"రబ్బరు మరీ కొత్తగా ఉంటే
కొనకు."

ఎందుకని అడగలేదు.
అక్కణ్ణించే, కింద మెట్టు మీంచి,
కొంచెం వంగి
నా ముఖంలోకి చూశాడు.