ఫార్మాట్ చేయమంటారా?

బ్రాడీపేట అడ్డరోడ్డులో మా కొట్టు.
ఏప్రిల్‌లో యార్డు గాలి ఇటు తిరిగితే
కస్టమరు కంటే ముందు తుమ్ము వస్తుంది.

ఆమె తుమ్మలేదు.
ముక్కుపుడక మీద కూడా కారం దుమ్ము.
పేరు నాగూర్‌బీ.
పాల కవర్లో చుట్టిన హార్డ్ డిస్కు బల్ల మీద పెట్టి
"మా తమ్ముడిది, చూడు బాబూ" అంది.
లాలాపేట ప్రెస్సులో మాక్ మీద కూర్చునేవాడట.
ప్రెస్సు మూసేసిన రోజు జీతం బాకీ కింద
ఆ మిషను ఇచ్చి పంపారట.
మిషను పోయింది. తమ్ముడి సంగతి అడిగితే
"మాట్లాడ్డం లేదు" అంది.
పోయాడో, అలిగాడో, నేను మళ్లీ అడగలేదు.

తీగ తగిలించాను.
నా విండోస్ కాసేపు ఆలోచించి మర్యాదగానే అంది:
ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి.
చేయమంటారా?

ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను ఈ ప్రశ్నని.
తనకు చదవడం రానిదల్లా ఖాళీ దానికి.
తుడిచేస్తానంటుంది, అదీ సాయం చేస్తున్నట్టు.
తొందరపడి అవునని నొక్కినవాళ్లు
ఎందరో ఈ బల్ల ముందే కూలబడ్డారు.

వద్దన్నాను.
పెన్‌డ్రైవులోంచి లినక్సు లేపాను.
చదవడానికే, రాయడానికి కాదు అని కమాండ్ కొట్టాను,
పసిబిడ్డ ఉన్న గదిలోకి కాళ్లు కడుక్కుని వెళ్లినట్టు.

తెరుచుకుంది.
శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, చిట్‌ఫండు కరపత్రం.
ఫైళ్ల పేర్లు చదివి వినిపించాను:
ఫైనల్. ఫైనల్ రెండు. అసలు ఫైనల్.
సేటు మళ్లీ మార్చమన్నాడు ఫైనల్.
"వాడే" అంది, నవ్వి.

ఆమెకి కావలసింది కిలో సంచి మీద అంటించే లేబులు.
దొరికింది. ఎర్ర మిరపకాయ వచ్చింది,
తొడిమ వంపుతో సహా.
కింద తెలుగు ఉండాల్సిన చోట మాత్రం
డాలర్లు, నెత్తిన చుక్కలున్న సున్నాలు,
తలకిందుల ప్రశ్న గుర్తులు.
ఆ ఫాంటు ఆ మిషనుతోనే పోయింది.
వీధి తలుపు వచ్చింది గానీ బీరువా రాలేదు.

"ఏం రాసుందో తెలీదక్కా."
"నాకు మాత్రం చదువొచ్చా ఏంటి" అంటూనే
గాల్లో లేబులు అంటిస్తున్నట్టు
అరచెయ్యి ఎడం నుంచి కుడికి జరిపింది:

నాగూర్‌బీ కారం.
తొడిమ తీసి ఎండబెట్టి రోట్లో దంచినది.
రంగు కలపలేదు.
తడి చెంచా పెట్టవద్దు.

పదకొండేళ్లు అంటించిన చెయ్యి.
ఒక్క మాట తడబడలేదు.

కాగితం తీసుకున్నాను.
డాలరు అంటే క అయ్యుండాలి.
కారంలో డాలరే కలపలేదులో మళ్లీ వచ్చింది.
అవును, క.
అలా ఒక్కో గుర్తుకీ ఒక్కో అక్షరం,
మధ్యాహ్నం కరెంటు పోయేదాకా.

లేబులు అడుగున, సంచి మడతలో పడిపోయే చోట
ఇంకో వరస ఉంది, చీమతలంత.
ఆమె చెప్పని వరస.
నా కాగితం అడ్డం పెట్టి చూశాను.
మొదట రెండు ఖాళీలు, తర్వాత
...కి చదువు రాదు గనక
ఆ పైన అన్నీ
కారం మాటల్లో ఎక్కడా రాని అక్షరాలు.

"ఇంకేమైనా ఉందా కింద?" అంది.
ఉందన్నాను. చదవడం రావట్లేదన్నాను.
ఖాళీ అని మాత్రం అనలేదు.

ఆమె ఇచ్చిన రెండొందల నోటు
రాత్రి దాకా గల్లాపెట్టెలో ఘాటు కొట్టింది.