నాలుగు వందల పదిహేడు

తుర్కు నుంచి స్టాక్‌హోమ్‌కి రాత్రి ఓడ.
ఏడో అంతస్తులో, సెంట్ల కొట్టు దాటగానే,
కరోకే గది నాది.
ఇరవై రెండేళ్ళుగా మైకు తీగ విప్పేదీ నేనే, చుట్టేదీ నేనే.

పాటల పుస్తకంలో దాని పేరెవరూ చదవరు.
అంకె చెబుతారు: నాలుగు వందల పదిహేడు.
కొందరు అదీ చెప్పరు.
"గున్వోర్, అదే" అంటారు,
గ్లాసులోకి చూస్తూ.

పాటలో ఏముందని?
తలుపు వెనక కొక్కేనికి వేలాడే అతని కోటు.
వచ్చి పట్టుకుపొమ్మంటుంది ఆవిడ.
జేబులో రెండు ట్రాము టిక్కెట్లున్నాయి,
చూశాను, పారెయ్యలేదు అంటుంది.
అంతే. చావుల్లేవు, శాపాల్లేవు,
చంద్రుడైనా లేడు.

రెండో చరణంలో మాత్రం
"ఇంట్లో నేను" అని
గొంతు ఎక్కడో తట్టుకుని
అప్పుడు
"లేనప్పుడు రా" అంటుంది.

ఆ పాట రికార్డు చేసినప్పుడు తీగలు సర్దిన కుర్రాడట,
ఇప్పుడు బట్టతల ముసలాయన,
నా బల్ల దగ్గర రెండు బీర్ల తర్వాత గుట్టు విప్పాడు.
ఆమెకు ఆ వారం జలుబు. ఊపిరి అందలేదు.
మళ్ళీ పాడిద్దామంటే స్టూడియో అద్దె గంట అయిపోయింది.
నేనెవరికీ చెప్పలేదు.
ఎవరిక్కావాలి?

ఎస్తోనియా లారీ డ్రైవర్ ఉర్మాస్‌కి స్వీడిష్ రాదు.
డీజిలు మరకల చేతుల్తో మైకు పట్టుకుని
మాటలన్నీ తప్పు పలుకుతాడు.
ఆ జలుబు ఒక్కటి తప్పకుండా పలుకుతాడు.

పాట వచ్చిన ముప్పై ఏళ్ళకి పుట్టిన పిల్ల, ఇల్తా,
ముక్కుకి పోగు, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటు.
"మా గదిలో అసలు కొక్కెమే లేదు,
అన్నీ కుర్చీ మీదే పడేస్తాం" అంది,
ముక్కు తుడుచుకుంటూ, నామీద కోపంగా,
నేనేదో చేసినట్టు.

హోల్గెర్, వివి నలభై మూడేళ్ళుగా మొగుడూపెళ్ళాలు.
ఏటా ఒకసారి ఈ ఓడెక్కుతారు.
ఆ పాట మొదలవగానే పట్టుకున్న చేతులు వదిలేస్తారు.
మూడు నిమిషాలు ఎవరికి వాళ్ళే.
అయిపోయాక ఆవిడే ముందు వెతుక్కుంటుంది,
బల్ల కింద, అతని చెయ్యి.

నా సంగతంటారా?
నా గోడకి కోటు లేదు.
మావాడు కోటుతో పాటు కొక్కెం కూడా పీక్కెళ్ళాడు,
మరీ అంత పొదుపరి.
నాలుగు మేకుల బెజ్జాలు మిగిలాయి.
మూడు పూడ్చాను.

నవంబరు తుఫాను రాత్రి, ఓలాండ్ దీవులు ఇంకా రాలేదు,
సీసాలు ఒకదానికొకటి తగిలి గొణుగుతున్నాయి.
ఉర్మాస్ పాడుతున్నాడు.
"ఇంట్లో నేను" దగ్గర
యంత్రం బిగుసుకుపోయింది.
తెర మీద అక్షరాల్లేవు. వాద్యం లేదు.
కింద ఎక్కడో ఇంజను మోత.

ఉర్మాస్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు.
గదిలో నలభై మంది ఉంటారు,
ఒక్కరూ తొందరపడలేదు.
నిజం పాటలో అర సెకను ఉంటుందేమో ఆ ఖాళీ,
ఆ రాత్రి అల ఎక్కి దిగేంతసేపు ఉంది.
ఇంట్లో నేను.
అంతవరకే అంది పాట.
అంతవరకే అయితే,
వచ్చేయొచ్చు కదా ఎవరైనా,
కోటు కోసమైనా సరే.

అప్పుడు ఎవరూ సైగ చెయ్యకుండానే
నలభై గొంతులు, మెల్లగా, సగం సగం భాషల్లో,
లేనప్పుడు రా.

ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ పాడనిదాన్ని.
ఒక గొంతు కాస్త ఆలస్యంగా వినబడింది.
అది నాదే.

తీగ పీకి మళ్ళీ గుచ్చితే యంత్రం లేచింది.
ఎవరో గంతులేసే పాట అడిగారు, పెట్టాను.
మైకుకి పెదాల రంగు, వెల్లుల్లి వాసన, తడి.
గుడ్డతో తుడిచాను.
పూర్తిగా పోలేదు.