పిక్క లోపలి తలుపులు

పదమూడేండ్ల సంది నిలవడే ఉన్న
ముహర్రఖ్ బజారు సందుల
ఒక్క కుర్సీ ఎనుక.
కూసునేటోళ్లు మారుతుంటరు.
నిలవడేటోణ్ని నేనే.

ఎడమ పిక్క మీద నీలపు నరాలు
వాన వడ్డ తెల్లారి ఎర్రల లెక్క
మెలికలు దిరిగి పైకి తేలినయి.
లుంగీ కింద దాసిన.
రూంల నాంపెల్లి చూసి
"కాలుమీద మ్యాపు గీయించుకున్నవా?" అన్నడు.

క్లినిక్కుల మలయాళం నర్సమ్మ
చల్లటి జిగురు వూసి, మిషిను ముక్కు ఆనించి
పిక్కను ఒత్తింది. హూష్.
ఇడిసింది.
ఇడిసినంక సప్పుడు రావద్దట.
నా కాలు మాత్రం
ఇంకొక్కసారి, నిమ్మళంగ, హూష్.

"నెత్తురు ఎనుకకు జారుతున్నది,"
సగం హిందీల చెప్పింది, సగం చేతులతోని.
రెండు అరచేతులు కలిపి
కొంచెం తెరిసి, మూసి చూపెట్టింది.
ఇసొంటి తలుపులట,
ఉల్లిపొర కన్న పల్చన,
మడిమె కాడికెంచి తొడ దాక.
పైకి వొయ్యే నెత్తురుకు తెరుసుకుంటయి,
మనసు మారి మళ్లుదామంటె మూసుకుంటయి.
"అవి తొయ్యయి భయ్యా. జారనియ్యయి. గంతే."

ఆ మాట
మూడు గడ్డాలు గీసేదాక చెవులనే ఉన్నది.

శుక్రారం శుక్రారం అబూ జాసిం వస్తడు.
ముసలాయిన. బుగ్గల గుంట కాడ కత్తి మెల్లగ తిప్పాలె.
వాళ్ల నాయిన ముత్యాలకు మునిగేటోడట.
కాలికి రాయి గట్టుకొని దిగుడు,
ఊపిరి తీరంగనే తాడు గుంజుడు,
పడవ మీదికెంచి ఒకడు లాగుడు.
"నిద్రల ఆ లాగేటోని పేరే పిలిచేటోడు,
మా అమ్మ పేరు ఒక్కనాడు పిలువలే," అని నవ్విండు.
నురుగు నా చెయ్యి మీద వడ్డది.

నా కాలుల లాగేటోడు ఎవడున్నడు?
గుండె దూరం. పంపిన నెత్తురు
పాదం చేరేసరికి దాని జోరు సగం సచ్చిపోతది.
నడిస్తె పిక్క పిండుకుంటది,
పిండుకుంటె నెత్తురు ఒక మెట్టు ఎక్కుతది,
ఎనుక తలుపు వడ్తది.
నేనేమో నడవ. నిలవడత.

అందుకే షట్టరు దించినంక
సముద్రం గట్టు పొంటి తిరుగుతున్న,
మాట వినని పిలగాన్ని బడికి తీస్కపోయినట్టు
ఈ కాలును తీస్కొని.
నీళ్లు వస్తయి, వోతయి.
వాటికి తలుపుల్లెవ్వు.
వీసా అప్పు గూడ మొదట్ల గంతే:
నేను పైకి ఎక్కించిందంత
మిత్తి కిందికి గుంజుకపొయ్యేది.
ఆరేండ్లు.
ఏ నెల ఆ తలుపు వడ్డదో
నాకు యాదికి లేదు.

రాత్రి మెత్తల మీద కాళ్లు ఎత్తి పండుకుంటె
నాంపెల్లి పై మంచం దిగొచ్చి
పిక్కను ఒత్తి, ఇడిసి,
పెద్ద డాక్టరు లెక్క చెవి ఆనించిండు.

"సప్పుడు లేదురా," అన్నడు.

ఏసీ గడగడల ఏం వినవడుతది వానికి?
అయినా
కాలు తీసుకోలే నేను.