రెండు వెన్నగిన్నెలు

ఇలొమాంత్సిలో నవంబరు. మూడింటికే చీకటి.
నర్సు సైమి రెండు కాగితాలు బల్లమీద పెట్టింది.
తారుమారు చేసిందేమో అనుకున్నాను.

మా మరిది ఎస్కో నూట పది కిలోలు,
అతనెక్కితే మెట్టే మూలుగుతుంది.
నా మొగుడు తౌనో ఈనెపుల్ల,
అరవై ఆరేళ్లకీ గడ్డకట్టిన సరస్సుని
స్కీల మీద దాటి పోస్టు తెచ్చుకుంటాడు.
ఒకే తల్లి చిలికిన వెన్న, ఒకే రై రొట్టె,
ఒకే బల్లకి అటొకరు, ఇటొకరు.

"ఆయన కాదు, మీరు," అంది సైమి తౌనోతో.
"వెన్న మీ రక్తంలోకి వస్తే చుట్టంలా దిగిపోతుంది.
ఆయన రక్తంలో కాసేపు కూచుని లేచిపోతుంది.
పుట్టుకతోనే రాసుంది."
నవ్వబోయిన ఎస్కో వైపు తిరిగి,
"మీకు ఉప్పు గురించి చెప్పాలి, ఉండండి," అంది.

తౌనో టోపీని ఒళ్లో తిప్పుతూనే ఉన్నాడు.
వాళ్ల నాన్న నలభై ఏడో ఏట
గడ్డి కోస్తూ కోస్తూ పక్కకి ఒరిగిపోయాడు.
జేబులో రొట్టె,
రొట్టెకన్నా మందంగా వెన్న.
సారా అన్నారు కొందరు. చలి అన్నారు,
జూలై నెలలో!

మాది వెన్నతో పెట్టిన విద్యే, అక్షరాలా.
ఆవుల్ని అమ్మేసి పదేళ్లు,
కత్తి పడితే ఎంత మందమో
మణికట్టుకి ఇప్పటికీ తెలుసు.
ఆ మణికట్టుకి సగం బల్ల వరకే
మరుపు నేర్పాలిట.

రిప్సి నూనె కొన్నాను.
వేసవిలో రోడ్డు పక్కన పసుపు ఆరబోసినట్టు పూసే పువ్వే.
రొట్టె మీద పోస్తే నిలవదు, ఇంకిపోతుంది.
తౌనో నమిలాడు, కిటికీలోకి చూశాడు.
"రొట్టె తడిసింది," అన్నాడు.
అంతే. తిన్నాడు.

మూడో వారం, అర్ధరాత్రి నీళ్లకి లేచాను.
వంటింట్లో దీపం లేదు.
ఎస్కో గోడ వైపు తిరిగి
నిలబడి వెన్నరొట్టె తింటున్నాడు,
దొంగిలించినవాడిలా.
తినొద్దని అతనికెవరూ చెప్పలేదు.
అన్న ఎదురుగా తినలేకపోయాడు, అదీ సంగతి.

నేను చూసినట్టు చెప్పలేదు.
తెల్లారి సైమికి ఫోన్ చేసి
నా రక్తం కూడా తీసుకోమన్నాను.
ఫలితం గురువారం వస్తుందిట.
అందాకా రెండు గిన్నెల మధ్య
ఉత్త రొట్టె తింటున్నాను.