మిళగు

మిళగు అంటే మిరియమే.
ఆవడిలో సెల్వి అక్క పెట్టిన పేరు.
మిరియం అని పిలిస్తే చెవి కూడా కదపదు,
తెలుగు దానికి రాదు.
నలభై మూడేళ్ల వయసులో
ఒక కుక్క కోసం నా అరవం బాగుచేసుకున్నాను.
ఉక్కారు. వా. ఇరు.
ఇరు అనే మాట దగ్గర కాస్త ఆగాను.
ఆగు అనీ, ఉండు అనీ, బతికి ఉండు అనీ
మూడూ అందులోనే ఉన్నాయి.

పొద్దున ఆరు నలభై బండి.
కోడంబాక్కం దాటాక,
పసుపుపచ్చ గుడ్డసంచి పట్టుకున్న మనిషి
సంచి చెవులు ముడివేసి, జాగ్రత్తగా పక్కన పెట్టి,
పట్టాల మీదికి వచ్చాడు.
బ్రేకు వేశాను.
వేయడానికీ ఆగడానికీ మధ్య ఎన్ని మీటర్లో
పరీక్షలో రాసి పాసైనవాణ్ణి.
ఆ మీటర్లలోనే ఎనిమిది నెలలు ఉండిపోయాను.

సంచిలో ఏముందో ఎవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

నా తప్పు లేదని రాశారు. మూడు రోజులు సెలవిచ్చారు.
నాలుగో రోజు క్యాబు మెట్టు మీద కాలు పెట్టాను.
అది నా కాలు కాదు.

ఇంట్లో కుక్కరు కూత వేస్తే మంచం కిందికి దూరేవాణ్ణి.
హైమ కుక్కరు అటక మీద పెట్టేసి
గిన్నెలో అన్నం వార్చడం మొదలుపెట్టింది.
గంజి రుచే మరిచిపోయాం ఇన్నాళ్లూ,
అంది. అంతే.

కీళ్పాక్కం డాక్టరమ్మ మాత్రలు రాసింది,
చీటీ వెనక ఒక ఫోన్ నంబరు.
కుక్కా? నాకేం కళ్లు పోలేదే, అన్నాను.
అందుకేనండీ, అంది,
మీ కళ్లు చూడటం మానడం లేదు.

వీధికుక్క బిడ్డ. ఒక చెవి నిటారు, ఒక చెవి వాలు.
నా వేళ్లు వణికితే ముక్కుతో పొడుస్తుంది.
రాత్రి నేను అరిస్తే
స్విచ్చు నొక్కి, దీపం వెలిగించి,
వచ్చి రొమ్ము మీద పడుకుంటుంది.
పదహారు కిలోలు.
ఊపిరి ఆడదేమో అనిపిస్తుంది.
ఆ బరువు కిందే ఆడుతుంది.
ఇవన్నీ సెల్వి అక్క నేర్పింది.
టీకొట్లో మురుకు దొంగిలించడం
సొంత ప్రతిభ.

పెరంబూరు బ్యాంకులో గార్డు చేయి అడ్డం పెట్టాడు.
డాక్టరమ్మ ఉత్తరం చూపించాను,
నాలుగు మడతల దగ్గరా చిరిగిపోయింది పాపం.
చదివాడు. నా కాళ్లు చూశాడు, చేతులు చూశాడు.
ఎక్కడా ఏమీ దొరకలేదు.
జబ్బు కుక్కకా సార్? అన్నాడు.

ఎర్ర జాకెట్టు విప్పితే అది డ్యూటీలో లేనట్టు.
దీపావళి రాత్రి మొదటి బాంబుకే
మంచం కిందికి పోయింది.
ఏ మూల చల్లగా ఉంటుందో, ఎటు చప్పుడు తక్కువో
నాకు బాగా తెలిసిన చోటే.
నేనూ దూరి, ఇరు, అన్నాను.
ఇద్దరికీ సరిపోయింది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు విల్లివాక్కం స్టేషను.
ప్లాట్‌ఫారం టికెట్టు ఒకటే తీసుకుంటాను, ఎక్కేదేం లేదు.
బండి రాకముందే పట్టాలు చెబుతాయి,
పట్టాలకంటే ముందే నా చెమట చెబుతుంది,
మిళగు వచ్చి నా చెప్పుల మీద కూర్చుంటుంది.
క్యాబు అద్దం వైపు నేను చూడను.

నిన్న చూశాను.
మీసం ఇంకా సరిగా రాని కుర్రాడు.
ఎటూ చూడకుండా, చూపంతా ముందుకే పెట్టి,
బండిని మెల్లగా తెచ్చి నిలబెట్టాడు.
కాలేజీ పిల్లలు ఎక్కారు. మల్లెపూల గంప దిగింది.
ఆ వెనకే ఒక ముసలామె,
చేతిలో పసుపుపచ్చ గుడ్డసంచి.

వేళ్లు వణికాయి.
తడి ముక్కు తగిలింది.
తర్వాత అదే ముక్కు సాచి
మిళగు ఆ సంచి వాసన చూసింది.
వంకాయలు, అంది ముసలామె, నవ్వుతూ.

బండి కదిలింది.
మిళగు
ఆవలించింది.