ఒకటికి మూడొందల యాభై

మా ఉదయగిరి కొండ కింద
చెక్క అంటే గరిటె.
నర్ది కొమ్మ చేతికొస్తే
ముందు కాడ కనిపిస్తుంది, తర్వాత గుంట.
మా అమ్మకీ అంతే,
ఆమెకు ఉలి పట్టించిన దాదీమాకీ అంతే.

అట్టాంటి వాకిట్లోకి
కావలి బస్సు దిగి ఒక పెద్దాయన వచ్చి
"యుద్ధనౌక చేస్తావామ్మా?" అన్నాడు.
పేరు మాలకొండయ్య. ఎడమ చెవి వినపడదు.
సంచిలోంచి నీలం కాగితం తీసి పరిస్తే
మా చాప చాల్లేదు.

నేను సముద్రం చూడలేదని చెప్పా.
నవ్వి ఊరుకున్నాడు.

లెక్క ఆయనే చెప్పాడు,
ఒకటికి మూడొందల యాభై.
మైసూరు అనే ఆ పాత క్రూయిజరు
మా కొలతలో మూరకు రెండు వేళ్లెక్కువ.
అసలు ఓడను ఎప్పుడో
తుక్కు కింద టన్నుల లెక్కన అమ్మేశారంట.

ఫిరంగి గూళ్లు మూడు, గూటికి మూడు గొట్టాలు.
పళ్లు కుట్టుకునే పుల్లల్ని సన్నం చేసి పెట్టా.
డెక్కు చుట్టూ కమ్మీలకు చిరిగిన చీర జరీ పోగు.
నెలకోసారి వచ్చి
కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూసేవాడు.
"లంగరు గొలుసు ఇంత లావుండదు తల్లా,
ఈ చిన్న పడవ ఇటు కాదు, అటు."
విప్పేదాన్ని. మళ్లీ అతికించేదాన్ని.
ఆ నెల గరిటెలు రెండు డజన్లు తగ్గాయి.

ఆయన ఇంట్లో అద్దాల బీరువా నిండా ఓడలేనంట.
జపాను అట్టపెట్టెల్లో ముక్కలు ముక్కలుగా వచ్చినవి,
పెన్షను పెట్టి కొని
ఒక్కోటీ రాత్రిళ్లు అతికించుకున్నవి.
"అన్నీ డొల్లే" అన్నాడు ఒకరోజు, టీ ఊదుకుంటా.
"పైన జెండా కర్ర దాకా ఉంటాది.
కింద నేనుండిన గది
ఏ కంపెనీవాడూ చెయ్యడు."

బాయిలర్ రూము.
పదకొండేళ్లు.
యుద్ధం నాడు పైన పగలో రాత్రో,
గంట కొడితే ఆవిరి పెంచడం
గంట కొడితే తగ్గించడం.
"నేను మాత్రం సముద్రాన్ని ఎక్కడ చూశానమ్మా!
ఇనప రేకుకు చెయ్యానిస్తే తెలిసేది,
పక్కింట్లో రోకలి పోటు
మనింటి గోడకు తెలిసినట్టు."

డెక్కు మూసే ముందు రోజు
ఓడ కడుపు తొలిచాను,
గరిటె గుంట తొలిచే ఉలితోనే.
చింతపిక్కలు అరగదీసి నాలుగు బాయిలర్లు,
అగ్గిపుల్ల పేళ్లతో నిచ్చెన.
మరి మనిషి?
లెక్క కట్టి చూస్తే మనిషి
ఒక మొలగొలుకు బియ్యపు గింజ.
మా డబ్బాలో రేషన్ బియ్యమే ఉన్నాయి,
ఎదురింటి రమీజాను అడిగా.
ఒక్క గింజ అప్పడిగినదాన్ని
ఆమె ఎట్టా చూసిందో చెప్పలేను.

చింతపిక్కల పక్కన నిలబెట్టి
జిగురు పుల్ల తీసి
ఆగాను.
పదకొండేళ్లు అతుక్కునే ఉన్నాడు గదా.
అట్టే వదిలేసి డెక్కు మూశా.

డబ్బుల కాడికొచ్చేసరికి
నాకు నోరు పెగల్లేదు.
గరిటెలైతే డజను లెక్క, ఓడకేం లెక్క?
నోటికొచ్చింది చెప్తే
ఆయన ఇంకో వెయ్యి కలిపాడు.
లోపల సంగతి నేను చెప్పలేదు.
అట్టపెట్టెలో సర్దుదామని
ఓడను రెండు చేతుల్తో ఎత్తాడు.

లోపలేదో దొర్లింది.

ఓడను వినపడే చెవికి ఆనించి
మెల్లిగా ఊపాడు.
ఇటు ఒరిగించి విన్నాడు, అటు ఒరిగించి విన్నాడు,
నా వైపు చూడలేదు.
వాకిట్లో రంపప్పొట్టు మీద
అట్టా నిలబడే ఉన్నాడు.

సెంటర్లో ఆరింటి కావలి బస్సు
హారను కొట్టి, కొట్టి
పోయింది.